అరుపుల సీనుకి ముందు మాత్ర

స్టేషను మేడమెట్లు కట్టించినవాడికి మోకాళ్ళు లేవని నత్త గట్టి నమ్మకం. ఆ ఉదయం సగం మెట్లెక్కేసరికే ఆయాసం వచ్చి, గోడ పట్టుకుని నిలబడిపోయాడు. ఇంకో ఏడాదిలో రిటైరవబోయే ఇన్‌స్పెక్టరు. కేసు పట్టుకుంటే నిదానంగా, వదలకుండా పాకుతూ పోతాడని కుర్ర కానిస్టేబుళ్ళు నత్త అని పేరు పెట్టారు. ఆ పేరు ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసన్న సంగతి వాళ్ళకీ తెలుసు.

దగ్గు వారం నుంచీ ఉంది. దానికేం పెద్దగా బాధపడలేదు. ఇప్పుడు చూస్తున్న కేసులో పోయినాయన తమ్ముడు మందుల షాపు నడుపుతాడు, మొదటిరోజు ప్రశ్నలడగడానికి వెళ్తే దగ్గు విని జాలిపడి, పూటకొకటి చొప్పున వేసుకోమని నాలుగు రోజుల మాత్రలు చేతిలో పెట్టాడు. దగ్గు నిజంగానే తగ్గుతోంది. ఈ నీరసం మాత్రం కొత్తది. మంచం దిగుతూనే కళ్ళ ముందు నల్లటి చుక్కలు. వయసని సరిపెట్టుకున్నాడు. వయసు మీదకి తోసెయ్యడానికి వీల్లేనిదంటూ ఈ మధ్య ఆయనకేదీ కనబడటం లేదు.

పై గదిలో పోయినాయన కోడలు కూర్చుని ఉంది. సోమవారం దాకా ఆమె ఎవరికీ తెలియని మామూలు గృహిణి. సినిమా జనమంతా కంచు కంఠం అని పిలుచుకునే డబ్బింగ్ కళాకారుడు ఆమె మామగారు. సోమవారం రికార్డింగ్ గదిలో మైకు ముందే కుప్పకూలి, స్టాండు ఇనపదిమ్మ తలకి తగిలి పోయాడు. రక్తపరీక్షలో బీపీ మందు ఉండాల్సినదానికన్నా ఎన్నో రెట్లు తేలింది. పడిపోయేముందు ఫ్లాస్కులో నీళ్ళు తాగి "ఏంటీ చేదు" అని అందరి ముందూ విసుక్కున్నాడు. ఆ ఫ్లాస్కు రోజూ నింపేది ఈ కోడలు. పైగా ఆ సాయంత్రమే దాన్ని అద్దంలా కడిగి పెట్టింది.

"ఎందుకు కడిగావమ్మా?" అని కుర్చీలో కూలబడుతూ అడిగాడు నత్త.

"ఫ్లాస్కు ఇంటికొస్తే కడగరా సార్? ఆసుపత్రి నుంచి వచ్చిన సామానులో అదీ ఉంది. ఇంటినిండా జనం, అందరూ ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రావట్లేదు. చేతులకి ఏదో ఒక పనుంటే బావుణ్ణనిపించింది."

"మీ ఆయన?"

"ఓడ మీద ఉద్యోగం. కబురందింది. ఆయన ఒడ్డెక్కేసరికి ఇంకో వారం పడుతుంది."

"మీ మామగారికీ నీకూ మాటల్లేవట."

ఆమె తల దించుకుంది. "నాదే తప్పు సార్. ఒకరోజు భోజనాల దగ్గర, 'ఈ సినిమాలో మీ గొంతు కాస్త అలిసినట్టుంది మామయ్యా' అన్నాను. ప్రేమగానే అన్నాను. అంతే, ఆరోజు నుంచి నాతో మాటల్లేవు. కానీ గోరువెచ్చటి నీళ్ళు మాత్రం నేను కాచి పోస్తేనే తీసుకెళ్ళేవారు. వేరేవాళ్ళు పోస్తే వేడి కుదరదని గోడకి చెప్పేవారు."

"గోడకా?"

"నాకు చెప్పాల్సినవన్నీ గోడకే చెప్పేవారు. 'అన్నం ఇంకొంచెం పెట్టొచ్చు' అని గోడవైపు చూసి అంటే నేను పెట్టేదాన్ని."

నత్తకి నవ్వొచ్చింది, దాంతోపాటు దగ్గొచ్చింది. నవ్వు ముందు ఆగిపోయింది.

"చేదు సంగతి చెప్పు. నీళ్ళొక్కటేనా?"

"అన్నీ చేదే అన్నారు సార్. పోవడానికి మూడు నాలుగు రోజుల ముందు నుంచీ అదే వరస. అన్నం చేదు, కాఫీ చేదు. కంచం పక్కకి తోసేసి, 'ఈ ఇంట్లో అన్నీ చేదే' అని గోడతో చెప్పి లేచిపోయారు. నా మీది కోపం కూర మీద చూపిస్తున్నారనుకున్నాను."

"ఈ మాట నిన్న నిన్ను తీసుకొచ్చిన కుర్ర ఇన్‌స్పెక్టరుకి చెప్పావా?"

"చెప్పాను. 'అయితే కూరలో కూడా కలిపావా?' అన్నారు."

నత్త నుదురు రుద్దుకున్నాడు. ఆమె ఇంతసేపూ బిగపట్టుకున్నది అప్పుడు బయటపడింది. "సార్, మా పాపకి ఆరేళ్ళు. నిన్న స్కూలు నుంచి పక్కింటివాళ్ళు తెచ్చారు. ఇవాళా తెస్తారు. కోర్టుకి పంపిస్తే మళ్ళీ ఎప్పటికి ఇంటికొస్తానో ఎవరూ చెప్పట్లేదు. దానికేమని చెప్పాలి?"

నత్త కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. నిదానంగా బయటికొచ్చాడు.

వరండాలో ఆ కుర్ర ఇన్‌స్పెక్టరు ఇస్త్రీ ఎదురయ్యాడు. నత్తకన్నా పాతికేళ్ళు చిన్నవాడు, తెలివైనవాడు, ఎంత ఉక్కపోతలోనైనా చొక్కా మీద ఒక్క ముడతా పడనివ్వడు. అతనికా పేరు పెట్టింది నత్తే. కేసు అతనిది. పైఅధికారి ఎందుకో ఒక్కసారి చూడమన్నాడని నత్త మొదటిరోజే మధ్యలో దూరాడు. అది ఇస్త్రీకి మింగుడుపడలేదు.

"అయిందా సార్ పరామర్శ? నాలుగింటికి ఆవిణ్ణి కోర్టులో పెడుతున్నాను."

"తొందరపడకు బాబూ. చేదు నీళ్ళలోనే కాదట, అన్నంలోనూ ఉందట."

"అంటే రెండింట్లోనూ కలిపింది. నాకు కేసు ఇంకా బలపడింది."

"ఇంట్లో అందరూ అదే అన్నం తిన్నారయ్యా! పాప తింది, ఆవిడ తింది. వాళ్ళకి చేదు తగల్లేదేం?"

"ఆయన కంచంలో మాత్రమే కలిపి ఉంటుంది. రక్తంలో అంత మందు గాల్లోంచి వచ్చిందంటారా?"

"రిపోర్టు చేతిలో పెట్టుకుని మనిషిని ఉరికంబం ఎక్కించేస్తావా?" అని నత్త గట్టిగా అరిచాడు. వరండా అంతా ఇటు తిరిగి చూసింది. అరిచిన మరుక్షణం కాళ్ళ కింద నేల ఊగినట్టయింది. ఈ కుర్రాడు నా బీపీ పెంచేస్తున్నాడు అనుకుంటూ జేబులోంచి బీపీ మాత్ర తీసి, నీళ్ళు లేకుండానే మింగేశాడు. పొద్దున వేసుకున్నది వేరే, ఇది కోపానికి.

"రెస్టు తీసుకోండి సార్," అన్నాడు ఇస్త్రీ. ఆ మాటలో నిజంగా కాస్త దయ ఉంది. అదే నత్తకి ఇంకా ఒళ్ళుమండించింది.

రికార్డింగ్ స్టూడియో లోపలి గదికి గోడలన్నీ మెత్తలే. మధ్యలో మందపాటి గాజు. గాజుకి ఇవతల మీటల బల్ల ముందు సౌండ్ ఇంజనీరు కూర్చుంటుంది. నలభై దాటిన మనిషి, మాటలు పొదుపు. అవతల చిన్న గదిలో మైకు, స్క్రీను. ఆ గదిలోకి ఉన్నది ఒకటే తలుపు, అది ఇవతలికే తెరుచుకుంటుంది.

నత్త లోపలికి అడుగు పెట్టగానే గడపలోనే నిలబడిపోయాడు. స్పీకర్లోంచి చచ్చిపోయినాయన గొంతు వస్తోంది. "నా ప్రాణం పోయినా ఈ గడప దాటనివ్వను!" అని సినిమాల్లో వందసార్లు విన్న అదే కంచు, అదే విరుపు.

"పాత రికార్డింగా?" అన్నాడు తేరుకుని.

"కాదండీ. తమ్ముడు." ఇంజనీరు గాజువైపు గడ్డం చూపించింది. మైకు ముందు మందుల షాపాయన, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. "సినిమా సగంలో ఉండగా ఆయన పోయారు. హీరోకి మిగతా సగం ఇంకొకరి గొంతు పెడితే జనం ఒప్పుకోరు. అన్నదమ్ములిద్దరికీ ఒకటే గొంతు. అంత్యక్రియలైన మర్నాడే ఆయనే ఫోన్ చేశారు, నేను పూర్తి చేస్తానని."

"ఇంతకుముందెప్పుడూ చెయ్యలేదా?"

"కుర్రతనంలో ఇద్దరూ వచ్చారట. ఒకే గొంతు రెండెందుకని అన్నయ్యని ఉంచుకుని తమ్ముణ్ణి పంపేశారట. అప్పటినుంచీ మందుల షాపే. కానీ ఎంత బాగా చేస్తున్నారో చూడండి. ఇన్నాళ్ళూ ఇంట్లో అద్దం ముందు చేసుకునేవారట, పాపం."

నత్త స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నిలబడే ఓపిక లేదు. "సోమవారం ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పండి."

"భోజనాల ముందు అరుపుల సీను పెట్టుకున్నాం. ఏసీ ఆపేశాం, చప్పుడు మైకులో పడుతుందని. అరుపుల సీను ముందు ఆయన అలవాటుగా మాత్ర వేసుకున్నారు."

"ఏం మాత్ర?"

ఇంజనీరు, ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది. "బీపీ మాత్రండీ. మా లైన్లో పెద్ద గొంతులవాళ్ళందరికీ అదే అలవాటు. అరిస్తే బీపీ పెరుగుతుందని ముందే ఒకటి వేసుకుంటారు. మధ్యలో కళ్ళు తిరిగితే ఇంకోటి. ఆరోజు రెండోది కూడా వేసుకున్నారు. 'బీపీ పెరిగిపోయిందమ్మా' అన్నారు. నాలుగో టేకులో అరుస్తూ అరుస్తూనే పడిపోయారు."

ఎన్నేళ్ళుగానో వేసుకుంటున్నాడు, ఎన్నేళ్ళుగానో అరుస్తున్నాడు. ఆరోజే ఎందుకు పడ్డాడు? నత్త లేచి, తమ్ముడి టేకు అయ్యేదాకా ఆగి, ఆ గదిలోకి వెళ్ళాడు.

మందుల షాపాయన హెడ్‌ఫోన్లు తీసి రెండు చేతులూ జోడించాడు. మొహంనిండా ప్రేమ. "రండి సార్, రండి. దగ్గు తగ్గిందా? మాత్రలు మానకండి, కోర్సు పూర్తి చెయ్యాలి. మధ్యలో ఆపితే మళ్ళీ తిరగబెడుతుంది."

"తగ్గిందండీ. మీ చలవే." నత్త మోకాళ్ళ మీద వంగి ఇనపదిమ్మ చుట్టూ చూశాడు. కార్పెట్ అంచు ఎత్తితే కింద చాక్లెట్ కాగితాలు కనిపించాయి. ఒకటి కాదు, గుప్పెడు. నలిపి, దాచిపెట్టినట్టు లోపలికి తోసి ఉన్నాయి. వంగినవాడు లేవబోతే చీకటి కమ్మింది. మందుల షాపాయనే చెయ్యి పట్టుకుని లేపాడు.

"జాగ్రత్త సార్. ఈ వయసులో ఇంత తిరగకూడదు."

బయటికొచ్చి కాగితాలు చూపిస్తే ఇంజనీరు ముఖం ముడుచుకుంది. "ఆయనా? మైకు దగ్గర తీపి అంటే మండిపడేవారు. నోరు జిగటెక్కి చప్పుడొస్తుందని ఎవర్నీ తిననిచ్చేవారు కాదు. అందుకేనా చివరి రెండు రోజులూ ప్రతి డైలాగులోనూ నాలుక చప్పుడు పడింది! అడిగితే నా చెవుల్దే తప్పన్నారు."

"గొంతేమైనా బాగోలేదా ఆయనకి?"

"బాగోకపోయినా చెప్పరండీ. గొంతు పట్టేసిందని బయటికి పొక్కితే మర్నాడే ఇంకొకర్ని పిలుస్తారు. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళరు, ఎవరైనా చూస్తారని. ఏదైనా ఉంటే గుట్టుగా ఇంట్లోవాళ్ళ చేతే తెప్పించుకుంటారు."

అంతలో తలుపు తోసుకుని ఇస్త్రీ వచ్చాడు. కోర్టుకి వెళ్ళే దారిలో ఇంజనీరు సంతకం కావాలట. నత్తని చూసి నిట్టూర్చాడు. ఇంజనీరు మర్యాదకి మూల ఉన్న కెటిల్లోంచి ఇద్దరికీ కాఫీ పోసింది.

నత్త ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టాడు. "ఇదేం కాఫీ అమ్మా, తుప్పునీళ్ళలా ఉంది!" ఈ నాలుగు రోజులుగా స్టేషను కాఫీ కూడా ఇంతే. దానికి వంటవాణ్ణి రెండుసార్లు తిట్టాడు కూడా.

"నాకు పాకంలా ఉంది," అన్నాడు ఇస్త్రీ. "చక్కెర ఎక్కువైంది."

"నీ కప్పు ఇటివ్వు."

"ఎంగిలి సార్."

"ఇవ్వవయ్యా!" లాక్కుని తాగాడు. అదీ చేదే. తన కప్పు ఇస్త్రీ చేతిలో పెట్టాడు. ఇస్త్రీ అయిష్టంగా పెదవి తడుపుకుని, తియ్యగానే ఉందన్నాడు.

నత్త కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. అన్నం చేదు. కాఫీ చేదు. నీళ్ళు చేదు. చేదు పోగొట్టుకోవడానికి దొంగచాటుగా చాక్లెట్లు.

"బాబూ," అన్నాడు నెమ్మదిగా, "చేదు ఫ్లాస్కులో లేదు. ఆయన నోట్లో ఉంది. నా నోట్లోనూ ఉంది."

ఇస్త్రీ ఏదో అనబోయాడు. నత్త అప్పటికే పోస్ట్‌మార్టం చేసిన డాక్టరమ్మకి ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా పెట్టి బల్ల మీద ఉంచాడు.

"డాక్టరుగారూ, ఏం తిన్నా ఇనుము నాకినట్టు చేదుగా ఉంటే దేనివల్ల?"

"ఎవరికి, మీకా? ఏం మందులు వాడుతున్నారు?"

"బీపీకి నిఫెడిపిన్. పోయినాయనా అదే కదా."

"దానివల్ల అలా ఉండదు. ఇంకేమైనా?"

నత్త జేబు తడిమి, కత్తిరించి ఇచ్చిన మాత్రల ముక్క బయటికి తీశాడు. పేరు సగం తెగిపోయింది. కళ్ళకి దూరంగా పెట్టుకుని చదివాడు. "క్లారిత్రో... అని ఉంది. దగ్గుకి."

డాక్టరమ్మ గొంతు మారింది. "క్లారిత్రోమైసిన్. యాంటీబయాటిక్. చేదు దానిదే. మీకు బీపీ మాత్ర ఉందని తెలిసే ఇచ్చారా ఎవరైనా?"

"ఏం, ఇవ్వకూడదా?"

"మీరు రోజూ వేసుకునే బీపీ మందుని లివరు విరగ్గొట్టి బయటికి పంపించేస్తుంది. ఈ యాంటీబయాటిక్ ఆ పనిని ఆపేస్తుంది. బీపీ మందు ఖర్చవదు, ఒంట్లోనే పేరుకుంటుంది. ఒకటి వేసుకుంటే నాలుగు వేసుకున్నట్టు. అందరూ పడిపోరు గానీ, వయసు మీదపడ్డవాళ్ళకి చాలా ప్రమాదం. మీకు కళ్ళు తిరుగుతున్నాయా?"

"తిరుగుతున్నాయి. బీపీ పెరిగిందేమోనని పొద్దున ఒకటి ఎక్కువ వేసుకున్నాను."

"పెరగలేదండీ! పడిపోతోంది! కదలకండి, ముందు పడుకోండి. కాళ్ళు ఎత్తు మీద పెట్టండి. పక్కన ఎవరున్నారు?"

నత్త పడుకోలేదు. "సోమవారం పోయినాయన రక్తంలో ఈ మందుందా?"

"వెతకమని ఎవరూ అడగలేదు. నమూనా నా దగ్గరే ఉంది, చూస్తాను. మీరు పడుకోండి!"

ఇస్త్రీ మొహంలో రంగు పోయింది. మనిషి తెలివైనవాడేనని ముందే చెప్పుకున్నాం. గాజు అవతలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "మీకెందుకు ఇస్తాడు సార్? మీరేం చేశారతన్ని?"

"మొదటిరోజు ఒక్క ప్రశ్న అడిగాను. మీ అన్నయ్యకి గొంతు పాడైతే మందెవరిస్తారు అని. ఏదో మాటవరసకి అడిగాను బాబూ. నాకప్పుడు దగ్గొచ్చింది. అతను నా బీపీ మాత్ర స్ట్రిప్పు అడిగి తీసుకుని చూశాడు." అడిగిన ప్రశ్న తను మర్చిపోయాడు. విన్నవాడు మర్చిపోలేదు. ఇన్నాళ్ళ సర్వీసులో ఇంత సిగ్గు నత్తకెప్పుడూ కలగలేదు.

అప్పుడు కాళ్ళు నిజంగానే వదిలేశాయి. స్టూలు పక్కకి పడింది. నత్త గోడకి జారబడి నేల మీద కూర్చుండిపోయాడు. ఇంజనీరు కెవ్వుమంది.

గాజు అవతల మందుల షాపాయనకి ఇవతలి మాటలు వినబడవు, మనుషులు మాత్రం కనబడతారు. స్పీకర్లోంచి చచ్చిపోయినాయన గొంతు ఆప్యాయంగా పలికింది. "అయ్యో, సార్‌కి బీపీ పెరిగినట్టుంది! కంగారుపడకండి, నేనొస్తున్నాను."

తలుపు తెరుచుకుంది. ఒక చేతిలో గ్లాసు నీళ్ళు, రెండో అరచేతిలో తెల్లటి మాత్ర. "ఇది వేసుకోండి సార్, చిటికెలో సర్దుకుంటుంది."

ఇస్త్రీ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. చెయ్యి తుపాకీ మీదకి పోలేదు, గొంతు కూడా పెంచలేదు. మందులషాపు కౌంటరు ముందు గొడవకొచ్చిన మనిషిలా మొహం చిట్లించాడు.

"ఆగండి. మనిషి ఏం మందులు వాడుతున్నాడో కనుక్కోకుండానే ఇచ్చేస్తారా మీరు? దగ్గుకి కూడా అలాగే ఇచ్చేశారా? ఏం షాపండీ మీది?"

మందుల షాపాయన మొహం ఎర్రబడింది. ముప్పై ఏళ్ళుగా ఆ కౌంటరు వెనక నిలబడి ఎవరిచేతా పడని మాట అది. "ఏంటండీ అలా అంటారు? అడక్కుండా నేనొక్క మాత్ర ఇవ్వను! సార్‌నే అడగండి. బీపీకి ఏం వాడుతున్నారో చూపించమని, స్ట్రిప్పు చేత్తో పట్టుకుని చదివి మరీ ఇచ్చాను. మా అన్నయ్యకైనా అంతే, అన్నీ చూసుకునే ఇచ్చాను..."

అక్కడ ఆగిపోయాడు. బల్ల మీది ఫోన్లోంచి డాక్టరమ్మ గొంతు ఒక్కటే వినబడింది. "హలో? ఎవరది? అన్నీ తెలిసే ఇచ్చాడా?"

"తెలిసే," అన్నాడు ఇస్త్రీ. అరచేతిలోని మాత్ర తీసుకుని రుమాల్లో మడిచాడు. మందుల షాపాయన ప్రతిఘటించలేదు. గ్లాసు బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, గాజు అవతలి మైకు వైపే చూస్తూ నిలబడ్డాడు. "సినిమా ఇంకో రెండు రీళ్ళే మిగిలింది," అన్నాడు, ఎవరితోనో తెలియదు.

నత్తకి గది చివరలు నల్లబడుతున్నాయి. తన కాళ్ళు ఎవరో ఎత్తుతున్నారని తెలిసింది. చూస్తే ఇస్త్రీ నేల మీద కూలబడి, ఆ మట్టిబూట్ల కాళ్ళు రెండూ తన భుజం మీద పెట్టుకున్నాడు. చొక్కా అంతా ముడతలు. ఒక చేత్తో అంబులెన్సుకి చెప్పేసి, వెంటనే స్టేషనుకి కలిపాడు.

"పై గదిలో ఆవిణ్ణి ఇంటికి పంపించెయ్యండి. కోర్టు లేదు, ఏం లేదు. సాయంత్రం కాదయ్యా, ఇప్పుడే. జీపులో తీసుకెళ్ళండి." కాస్త ఆగి, గొంతు సవరించుకున్నాడు. "ఇంటికి కాదు, ముందు స్కూలుకి పోనివ్వండి. పాపని వదిలే టైమయింది."

నత్త ఏదో అనాలనుకున్నాడు. నోరంతా చేదుగా ఉంది.